నలభై మూడుతో

నలభై మూడూ,
నీకు పేరు పెట్టలేదు మేం.
కాలికి పసుపు కడియం,
బడిపిల్లాడి సంచిలా వీపున ఓ చిన్న యంత్రం, అంతే.
స్పెయిన్ నుంచి చెక్కపెట్టెలో
మూడు రాత్రుల దూరం లారీలో వచ్చావు.
దిగగానే వాంతి చేసుకున్నావు, రదోస్తీనా బూట్ల మీద.
అప్పుడే నచ్చావు నాకు.

కింద మెలిక తిరిగి కనిపిస్తోందే, అది ఆర్దా నది.
ఆ రాతిగోడ మీద తెల్లచారలు చూడు.
సున్నం కాదు, మీవాళ్ల రెట్ట.
ఇన్నేళ్ల వానలు కడుగుతూనే ఉన్నాయి,
ఇంకా పూర్తిగా పోలేదు.

మా భాషలో నీ పేరంటే శవాలు తినేదని అర్థం.
అప్పు వసూలుకొచ్చినవాణ్ణి
మా అమ్మ ఆ మాటతోనే తిట్టేది.
ఆవు ఈనలేక చచ్చిన రోజున మాత్రం
ఆకాశంకేసి చూసేది, మీకోసం.
మధ్యాహ్నానికి ఎముకలు మిగిలేవి
కడిగి బోర్లించిన గిన్నెల్లా.
కంపు లేదు, ఈగల్లేవు,
పలుగూ పారా పట్టే పని లేదు.

వింటున్నావా?
తల అటు తిప్పుకో. నాకు చెప్పడం తేలిక.

పదిహేడేళ్లు నాకప్పుడు.
మంచు విడవని మార్చి.
తోడేళ్లకని సర్కారు పొడి ఇచ్చింది,
మూతకి మైనం పూసిన గాజు గొట్టాల్లో.
తోకకి ఇంత అని లెక్క.
నాన్న చచ్చిన గొర్రె కడుపు కోశాడు.
చల్లింది నేను,
కూరలో ఉప్పు వేసినంత శ్రద్ధగా.

తోడేలు రాలేదు.
దాని తెలివి ముందు మేమెంత!
మీరొచ్చారు.
చచ్చినదేదైనా మీకోసమే చచ్చిందనుకునే అమాయకులు.

పదకొండు.
ఆరేసిన దుప్పట్లు గాలికి ఊడిపడ్డట్టు, రెక్కలు పరుచుకుని.
ఒకటి ఇంకా మెడ ఎత్తుతోంది.
పన్నెండోది మా కుక్క, గర్వాన్.
నాన్న కుక్క కోసం ఏడ్చాడు.
మిగతావాటికి గొయ్యి తవ్వమన్నాడు.
చీకటి పడేదాకా తవ్వాను.
రెక్కలు పట్టలేదు.
మడిచి, కాలితో తొక్కాను.
ఆ చప్పుడు నా మోకాలికి ఇప్పటికీ తెలుసు.

మరుసటేడు చచ్చిన ఆవు పదిరోజులు అక్కడే పడి ఉంది.
అమ్మ పైకి చూసి, చూసి,
లోపలికెళ్లి తలుపేసుకుంది.

నిన్న మా గాడిద పోయింది.
ఇరవై రెండేళ్లు నా కట్టెలు మోసింది, నా తిట్లు మోసింది.
పాతిపెట్టనన్నాను.
ఊరంతా నవ్వింది. ఊరంటే తొమ్మిదిమంది.
ఆఖర్లో సూదిమందేమైనా వేయించావా అని
రదోస్తీనా మూడుసార్లు అడిగింది.
లేదు, లేదు, లేదు.
జీపు వెనక తాడు కట్టి లాగుతుంటే
మలుపులో రాళ్ల మధ్య ఇరుక్కుంది.
దిగాం. ఎత్తలేకపోయాం.
అక్కడ, ఊపిరందక, చెప్పేశాను ఆ పిల్లకి.
పొడి. పదకొండు. గొయ్యి.

ఆమె జుట్టు వెనక్కి తోసుకుంది.
"ఈ కొండల్లో నీ ఈడు మగాళ్లంతా నాకిదే చెప్పారు తాతా.
అంకెలే వేరు.
ఆ వెనక కాళ్లు పట్టుకో."

ఇవాళ తెల్లారుతూనే పంజరం తలుపు తీశారు.
ఆరుగురూ వెళ్లిపోయారు.
నువ్వు మాత్రం కొయ్య మీదే,
కోర్టులో పిలుపుకోసం కూచున్నవాడిలా.

అవతల కరెంటు తీగలున్నాయి, చూసుకో.
ఏదో లోయలో ఇంకా ఎవడో ఒకడు
తోడేలు మీద కోపంతో గొట్టం దాచుకునే ఉంటాడు,
నాలాంటివాడే.
నడవగలిగినన్నాళ్లు వెళ్లి చెబుతాను వాడికి.
హామీ మాత్రం ఇవ్వలేను.

నావైపు అలా చూడకు.
నన్నూ ఇక్కడే వదిలేయమని అడిగాను,
చర్చి ఫాదర్ ఒప్పుకోలేదు.

ఎండెక్కుతోంది.
లోయలోంచి గాలి లేచి నా టోపీ కదిలింది.
నీ మెడ చుట్టూ ఈకలూ కదిలాయి.

గాడిద పేరు మర్కో.
ముసలిది, మాంసం గట్టిగా ఉంటుంది.
కళ్లతో మొదలుపెట్టు.